పదకొండు నుంచి పదమూడు

ఆ విమానాశ్రయంలోని వాతావరణ కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది. ఒంటరిగా విమానం నడపబోయే విద్యార్థి వాతావరణ సూచన కాగితాన్ని పైకి చదవాలి. అదీ అందులో రాసిన కోడ్‌లో కాదు, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చదవాలి. ఆ తర్వాతే, ఆకాశాన్ని గమనించి నమోదు చేసే అబ్జర్వర్ ప్రయాణం ఫారం మీద సంతకం పెడుతుంది. ఆమె ఇరవై రెండేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. విద్యార్థులందరికీ అత్తయ్య.

ఆ రోజు పదకొండున్నరకు వచ్చిన విద్యార్థిని నర్సు. వయసు ముప్పై నాలుగు. రెండున్నర గంటల ఒంటరి ప్రయాణం ఒక్కటి పూర్తయితే లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన సెలవు మర్నాటితో అయిపోతుంది.

“సంతకం పెట్టెయ్యండి అత్తయ్యా. పొద్దున్నించీ నాలుగుసార్లు చదివాను.”

“అయిదోసారి చదివితే నోరేం అరిగిపోదులే. కానీయ్.”

నర్సు చదివింది. “పడమటి గాలి, పది నాట్ల వేగం. పది కిలోమీటర్లకు పైగా దూరం కనిపిస్తుంది. పదకొండు నుంచి పదమూడు మధ్య ఉరుములతో వాన. అంటే ఒంటిగంటకి పోతుంది. అందుకే రెండింటికి బయల్దేరి నాలుగున్నరకి దిగుతా.”

“సరే. ఇప్పుడు పదకొండున్నర. ఆ మబ్బేదో కిటికీలోంచి నాకూ చూపించు.”

నర్సు చూసింది. మబ్బు లేదు. మళ్లీ కాగితం చూసింది. అందులోని వేళలు ప్రపంచమంతటికీ ఒకే గడియారానివి. ఇక్కడి వేళ కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. ఇది మొదటి వారంలోనే నేర్పారు. కానీ ఆర్నెల్లుగా ఆమె సూచనను ఫోన్‌లో చూస్తోంది. ఆ యాప్ తనే కలిపి చూపిస్తుంది. ఇవాళ అది తెరుచుకోలేదు.

“నాలుగున్నర నుంచి ఆరున్నర,” అంది నర్సు. “తప్పించుకుందామని సరిగ్గా దాని నోట్లోకే వెళ్తున్నానా?”

“ఎంత జాగ్రత్తగా కుదుర్చుకున్నావే తల్లీ!”

“మీకు ముందే తెలుసా?”

“ఫారం మీద నీ వేళ చూశాను. చెప్తే వినేదానివే. రేపు ఇంకో ఊళ్లో దిగితే చెప్పడానికి నేనుండనుగా.”

నర్సు ఫారం తనే చింపేసింది.

ఒంటిగంటన్నరకు విమానం దించిన కుర్ర విద్యార్థి సంగతి విన్నాడు. “రేపు పొద్దున ఆరింటి వంతు నాది. నువ్వు తీసుకో అక్కా. తెల్లారగట్ట లేచే బాధ తప్పుతుంది నాకు,” అన్నాడు. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకున్నాడు.

చెప్పిన వేళకన్నా పావుగంట ముందే, నాలుగుంబావుకు వాన మొదలైంది. నాలుగున్నరకు అత్తయ్య బయటికెళ్లి ఆకాశం చూసి నమోదు చేయాలి. నర్సు గొడుగు పట్టింది.

“నువ్వెందుకే తడవడం?”

“ఈపాటికి నేనెక్కడ ఉండేదాన్నో తెలుసుగా అత్తయ్యా. రాసుకోండి.”

మర్నాడు ఎనిమిదిన్నరకు నర్సు దిగింది. ఇంటికి ఫోన్ చేయకముందే వాతావరణ కార్యాలయానికి నడిచింది. అత్తయ్య డ్యూటీ తొమ్మిదికి మొదలవుతుంది. నర్సు గుమ్మం దగ్గరే ఆమె కోసం నిలబడింది.