నర్సత్త పేజీ

ఉతికిన బట్టలు మడతపెడుతున్న కోడలి ముందు మామగారు కాగితాల కట్ట పడేశారు.

"వంశవృక్షం పుస్తకం నువ్వే తయారుచెయ్యమ్మా. లైబ్రరీలో ఊరికే కూర్చునే ఉద్యోగమేగా."

"దానికి ఓపికెక్కువ నాన్నా," అన్నాడు మొగుడు, పేపర్లోంచి తలెత్తకుండానే. ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేని పనులన్నీ ఓపిక పేరుతోనే ఆమె నెత్తికెక్కాయి.

పుస్తకం చివర కుటుంబ మిత్రులకో పేజీ ఉంది. అందులో మొదటి పేరు నర్సత్తది. అత్తగారి స్నేహితురాలు. కాన్పుకి సాయమొచ్చి, అత్తగారు మంచం పట్టడంతో ఇరవయ్యారేళ్లు ఉండిపోయింది. పగలు ఆస్పత్రిలో నర్సు డ్యూటీ, మిగతా వేళంతా వంటా, ముగ్గురు పిల్లలూ, రోగీ. అంత మనిషి గురించి మామగారు రాసిచ్చింది ఒక్కటే ముక్క: "మా ఇంటిమీద మమకారంతో ఉండిపోయింది."

ఆవిడ ఉద్యోగంలో చేరిన తేదీ కోసం కోడలు ఆస్పత్రి ఆఫీసుకి వెళ్లింది. పాత ఫైల్లో ఒక అర్జీ బయటపడింది. హెడ్ నర్సుగా వేరే ఊరికి ప్రమోషన్ వస్తే, కుటుంబ బాధ్యతల వల్ల వద్దని అందులో రాసి ఉంది. సంతకం నర్సత్తది. చేతిరాత మామగారిది. నెలరోజులుగా ఆ రాతనే టైపు చేస్తున్న ఆమెకి పోల్చుకోవడం ఎంతసేపు? పెళ్లే లేని మనిషికి కుటుంబ బాధ్యతలట. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

అద్దె గదిలో ఒంటరిగా ఉంటున్న నర్సత్త, ఆ సంగతి వినగానే నవ్వింది.

"గిన్నెలు తోముతుంటే తెచ్చి, ఇక్కడో సంతకం పెట్టమన్నారు. చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేశాను. ప్రమోషన్ వచ్చిందన్న సంగతే ఏడాది తర్వాత తెలిసింది."

"తెలిశాక కూడా ఎందుకున్నారు?"

"మీ ఆయనకి అప్పుడు మూడేళ్లు. వదిలేసి ఎలా పోను?" కోడలు తెచ్చిన పేజీలో మామగారి ముక్క చదివి, దానిమీద వేలు పెట్టి చూపించింది. "మమకారం అని మాత్రం రాయకు అమ్మాయ్. చాకిరీ అని రాయి."

కోడలు అలాగే రాసింది. మామగారు చదివి కళ్లజోడు తీశారు. బతుకంతా ప్లీడరు గుమాస్తాగా చేసిన ఆయనకి సంతకం లేనిది కాగితమే కాదు.

"నలుగురూ చదివే పుస్తకమమ్మా. మమకారం అనే ఉంచి, కింద ఆవిడ సంతకం పట్టుకురా. చదివే రకం కాదులే, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది."

"వెళ్లిరా, నాన్నని విసిగించకు," అన్నాడు మొగుడు.

కోడలు కాగితాలన్నీ సర్ది బల్లమీద, ఆయన చేతికందేలా పెట్టింది.

"మీరే రాసుకోండి మామయ్యగారూ. నేను చేస్తే, రేపు నా పేరు పక్కనా మమకారం అనే రాస్తారు."