మోకాళ్ళ దగ్గర కోసిన పెట్టె

హల్వార్ ఆ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు అతని దగ్గర ఇరవై రెండు వేల క్రోనర్లు ఉన్నాయి. సగం పెట్టి పాత కంప్యూటరు కొన్నాడు, మిగతా సగం కొండమీదికి ఇంటర్నెట్ తీగ లాగించడానికి అయిపోయింది. ‘మా ముత్తాత మీ వైపు నుంచే వచ్చాడట, ఎవరి కొడుకో చెప్పగలరా’ అని అమెరికా నుంచి ఎవరైనా రాస్తే, చర్చి పుస్తకాలూ ఓడల పట్టికలూ వెతికి చెప్పడం అతని పని. పదిమందిలో ఏడుగురికి చెప్పాల్సిన మాట ఒకటే: పేరు చివర బ్రాట్‌లీ అని ఉన్నంత మాత్రాన మీరు ఈ ఇంటివాళ్ళు కారు, మీ ముత్తాత ఇక్కడ ఆవులు కాశాడు, పొలం పేరే తన పేరుగా పెట్టుకుని ఓడ ఎక్కాడు.

ఇల్లు కదలకుండా చేసే పని కాబట్టే దాన్ని ఎంచుకున్నాడు.

బ్రాట్‌లీ పొలం ఎప్పుడూ ఒకరిని పట్టుకుని ఉంటుంది. ఆ రక్తంవాళ్ళలో, ఆ వేళకు పెరట్లో ఉన్నవాళ్ళలో, వరసకు ఎవరు పెద్దయితే వాళ్ళను. మిగతావాళ్ళు రావచ్చు, పోవచ్చు. రెండేళ్ళ కిందట గడ్డికోతకు సాయంగా హల్వార్ బెర్గెన్ పట్నం నుంచి వచ్చిన వారంలోనే తండ్రి పోయాడు. ముప్పై ఏళ్ళలో ఆయన గేటు దాటింది ఆ రోజే, శవపేటికలో. పేటిక ముందు మూల హల్వార్ భుజం మీద ఉంది. గేటు దాటగానే ఆ మూల ఒక్కసారి కుంగింది. చూస్తే హల్వార్ కట్టెల గుట్ట దగ్గర నిలబడి ఉన్నాడు, భుజం ఇంకా ఎత్తిపెట్టుకునే. పక్క పొలం ఆయన వచ్చి ఆ మూల అందుకున్నాడు, ఊరేగింపు సాగిపోయింది.

ఆ తరవాత గేటు దాటాలని హల్వార్ వెనక్కి నడిచి చూశాడు, ట్రాక్టరు మీద చూశాడు. తపాలా ఆవిడ వ్యానులో కూర్చున్నాడు. వ్యాను ఊళ్ళోకి ఖాళీ సీటుతో చేరింది, అతను కట్టెల గుట్ట దగ్గరికి చేరాడు. “కట్టెలు కొట్టడానికి ఎలాగూ అక్కడికే వచ్చావుగా, గొడ్డలి అందుకో,” అంది బోర్గిల్ బామ్మ. ఆవిడ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి, పొలం ఆవిణ్ణి పట్టించుకోదు. తల్లి ఎప్పుడో పోయింది. ఇంట్లో ఇక మిగిలింది చెల్లెలు సిన్నే, పదిహేనేళ్ళది. రోజూ సైకిలు మీద కొండ దిగి బడికి వెళుతుంది, సాయంత్రం గంట మోగించుకుంటూ ఎక్కి వస్తుంది.

చలికాలంలో నార్త్ డకోటా నుంచి లొరేన్ బ్రాట్‌లీ అనే ఆవిడ రాసింది. ముత్తాత పేరు టోర్‌స్టెయిన్, ఈ పొలం పెద్దకొడుకునని చెప్పుకునేవాడట. హల్వార్ నవ్వుకున్నాడు. పెద్దకొడుకు ఓడెక్కడమేమిటి? పైగా చర్చి పుస్తకంలో టోర్‌స్టెయిన్ ఇరవై ఆరేళ్ళకే చనిపోయాడు, ఊళ్ళోనే పూడ్చిపెట్టారు. ఆ మాటే రాశాడు. జవాబుగా ఆవిడ ఒక ఫోటో పంపింది. ముత్తాత వెంట తెచ్చుకున్న పెట్టె, మూతమీద పూలు. ఒక చివర వెడల్పు, రెండో చివర ఇరుకు. ఇదేం వడ్రంగమో అని మా ఇంట్లో తరతరాలుగా నవ్వుకుంటున్నాం, అని కింద రాసింది.

బామ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇది పెట్టె కాదురా. మోకాళ్ళ దగ్గర కోసిన శవపేటిక.”

అప్పుడు చెప్పింది, తను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామగారి నోట విన్నది. టోర్‌స్టెయిన్ తమ్ముడు ముసలివాడయ్యాక కూడా, ఓడ వచ్చే రోజున గేటు దగ్గర నిలబడేవాడట. అన్న మూడేళ్ళలో వస్తానన్నాడు, వస్తే నా వంతు, అనేవాడట. చచ్చినవాడు ఎలా వస్తాడని ఇంట్లోవాళ్ళు ఆయనకు మతి చలించిందనుకున్నారు.

“బతికుండగానే ఇందులో శవంలా పడుకుని గేటు దాటాడు. దీన్ని పెట్టెగా కోసుకున్నాడంటే ఇక తిరిగొచ్చే ఉద్దేశం లేదన్నమాట,” అంది బామ్మ. “మరి ఆ తమ్ముడైనా ఒక పేటిక చేయించుకుని పడుకోవచ్చుగా అంటావేమో. పసివాడు ఉన్నాడు ఆయనకు. తను పోతే పొలం వాణ్ణి పట్టుకునేది.”

హల్వార్ మనసు అప్పటికే పలకలు కొలుస్తోంది. తన పొడవు, దానికి ఒక జానెడు కలిపితే చాలు. ఇంతలో కొండ కింద సైకిలు గంట మోగింది. అతను కంప్యూటరు మూసేశాడు.

లొరేన్‌కు ఏదీ దాచకుండా రాశాడు. మీరు పెద్దవాడి పెద్ద కొడుకు పెద్ద కొడుకుకి పెద్ద కూతురు, వరసకు నాకంటే ముందున్నారు, పొలం ఏం చేస్తుందో చెప్పలేను, అన్నాడు. నాలుగు తరాలు సముద్రం అవతల గడిచాక మట్టికి అంత జ్ఞాపకం ఉండదని లోపల అనుకున్నాడు. ఆ ముక్క మాత్రం రాయలేదు.

‘ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే దారిలో బడి బస్సు నడిపాను అబ్బాయ్,’ అని ఆవిడ జవాబు. ‘బయలుదేరిన చోటికే రావడం నాకు కొత్తకాదు.’

జూన్‌లో వచ్చింది. మూడు రోజులు గొర్రెలకు ఉప్పు పెట్టింది, బామ్మతో పోటీపడి బంగాళాదుంప రొట్టెలు ఒత్తింది. నీ రొట్టె అవతల పెట్టిన కాగితం కనిపించేంత పలచన, అమెరికాలో పిండి కరువా, అని బామ్మ ఎత్తిపొడిచింది. నాలుగో రోజు పొద్దున లొరేన్ అందరినీ కావలించుకుని అద్దెకారు ఎక్కింది. కారు గేటు దాటి మలుపులో ఆగిపోయింది. ఆవిడ కట్టెల గుట్ట దగ్గర నిలబడి ఉంది, చేతిలో లేని తాళాల గుత్తిని పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకుని.

సిన్నే వెళ్ళి కారు ఇంజను ఆపి వచ్చింది.

లొరేన్ మరోసారి నడిచి చూసింది. తిరిగొచ్చాక గుట్ట మీద కూర్చుని, తన కుక్కను పక్కింటివాళ్ళు శుక్రవారం దాకే చూసుకుంటామన్నారని చెప్పింది. హల్వార్‌కు ఆవిడ తిడితే బాగుండుననిపించింది.

“మట్టి మరిచిపోయి ఉంటుందనుకున్నాను లొరేన్ గారూ. అది మీకు రాయలేదు.”

“రాసినా వచ్చేదాన్నే,” అంది ఆవిడ. “నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా. నేను అయిదడుగుల అయిదు అంగుళాలు. పలకలు ఎన్ని కావాలి?”

అతను చెప్పాడు. మీరు అందులో బయటికి వెళ్ళిన మరుక్షణం పొలం మళ్ళీ నా దగ్గరికే వస్తుంది, అని కూడా చెప్పాడు.

“ఆ వేళకు పెరట్లో నీకంటే ముందువాళ్ళు ఎవరూ లేకపోతేనే కదా,” అంది లొరేన్. “మా తమ్ముడు మెర్ల్‌కు గొర్రెలంటే పిచ్చి. నిజం చెప్పి అడుగుదాం.”

హల్వార్ గీసిన వంశవృక్షంలో టోర్‌స్టెయిన్ వైపు బతికున్నవాళ్ళు రెండు వందల పద్నాలుగు మంది. తలా రెండు వారాలంటే ఎనిమిదేళ్ళ పైమాటే. టోర్‌స్టెయిన్ తమ్ముడు గేటు దగ్గర నిలబడి ఎదురుచూసిన వంతు అది. అయితే పేటికను మాత్రం ఎవరూ కోయకూడదు.

కొలత టేపు మెడలో వేసుకుని గేటు తీశాడు. బామ్మ వెనకనుంచి, “మూడేళ్ళలో వస్తానని ఒకడు ఇలాగే వెళ్ళాడు,” అంది.

“సాయంత్రానికి వస్తాను బామ్మా.”

దారి అతన్ని కట్టెల గుట్ట దగ్గరికి తిప్పలేదు. మలుపు మలుపులాగే ఉంది. రెండేళ్ళుగా చూడని సముద్రపు పాయ కింద మెరుస్తోంది. కొండ అడుగున దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు పడవల రేవు, కుడివైపు అరగంట నడిస్తే రంపపు మిల్లు. రేవులో బెర్గెన్ దారి పడవ తలుపు దించి ఉంది. గొలుసు పట్టుకున్న మనిషి హల్వార్‌ను చూసి కనుబొమలు ఎగరేశాడు.

“నీ కోసం ఆపమంటావా?”

పడవ దాకా పన్నెండు అడుగులు ఉంటాయేమో. హల్వార్ జేబులో టిక్కెట్టుకు సరిపడా డబ్బుంది, పలకలకు సరిపడా కూడా ఉంది. రెండింటికీ కలిపి లేదు. మెడలోని టేపు గాలికి రెపరెపలాడింది. లొరేన్ పొడవు దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

“ఇవాళ కాదులే,” అని కుడికాలు మిల్లు వైపు ఎత్తాడు.