దమయంతి ఆపించిన పాట

శనివారం ఉదయం పదకొండు గంటలకు నేను పాతకాలం గాయని దమయంతి పాటల డిజిటల్ బాక్స్ సెట్ కొన్నాను. ఖరీదు నూట ఇరవై డాలర్లు. పెట్టె రాదు, డౌన్‌లోడ్ లింకు వస్తుంది. ఆమె రేడియోలో పాడిన పాటలు, వాటి రిహార్సల్ రికార్డింగులు అందులో ఉన్నాయి.

అకౌంటు మా ఆయన దైవాశీర్వాదం ఈమెయిల్ మీద ఉంది. రసీదు చూసి ఫోన్ పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు.

"యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్న పాటలే కదే మణీ. ఒక్క పాట ఐదుసార్లు వినడానికి ఇంత పెట్టాలా? రిఫండ్ అడుగు."

నేను బెండకాయలు తరుగుతున్నాను.

టెక్సస్‌లోని ప్లేనోలో మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేది ఆయనే. ప్రతి పాటా తన గొంతుకు అందే శ్రుతిలో పెడతాడు. చరణం పైకి వెళ్లేసరికి ఆడవాళ్లం పెదవులు కదిపి ఊరుకుంటాం. పెళ్లయిన కొత్తలో నీకు గొంతు లేదన్నాడు. పోనీలే, వంట వచ్చుగా అని అత్తగారు సర్దిచెప్పారు. నేనూ నమ్మాను. తలా ఒక వంట తెచ్చే చర్చి పాట్‌లక్‌కి బిర్యానీ నాది, పాట ఆయనది. ఈ వారం పాస్టరమ్మగారు ఆదివారం పాట నన్ను పాడమన్నారు. నీ వల్ల కాదు, వద్దని చెప్పమన్నాడు మా ఆయన. సాయంత్రంలోగా ఆమెకు ఏదో ఒకటి చెప్పాలి.

మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ దమయంతి రిహార్సల్ రికార్డింగు ఒకటి పెట్టుకున్నాను. చరణం పైకి వెళ్లే చోట ఆమె గొంతు చీలింది. నా గొంతు చీలే చోటే. ఆమె పాట ఆపించింది.

"ఈ శ్రుతి నాకు కుదరదు. దించండి."

"అందరూ ఇందులోనే పాడారమ్మా" అన్నాడు హార్మోనియం వాయించే ఆయన.

"ఇప్పుడు పాడేది నేను కదా. దించండి."

కాసేపు తంబురా సవరించుకున్న చప్పుడు. తర్వాత ఆమె పాడింది. గొంతు చీలలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాను. మడతపెట్టాల్సిన తువ్వాలు ఒళ్లోనే ఉంది. ఇన్నేళ్లూ ఆ మాట అడగవచ్చని నాకు తెలియలేదు.

హాల్లోకి వెళ్లాను.

"ఏమండీ, రేపటి పాటకు శ్రుతి దించండి."

"దించితే కింది స్వరాలు నాకు అందవే."

"మీరు వాయించండి. నేను పాడతాను."

సోఫాలో ఉన్న మా అమ్మాయి జెమీమా ఫోన్‌లోంచి తలెత్తలేదు. "డాడీ, ఇట్స్ వన్ బటన్. ట్రాన్స్‌పోజ్ నొక్కు, అంతే."

పాస్టరమ్మగారికి ఫోన్ చేసి పాడతానని చెప్పాను.

ఆదివారం ఆరాధనలో కీబోర్డు మీద మైనస్ మూడు కనబడింది, శ్రుతి మూడు మెట్లు దించాడు. మొదటి చరణం నేను ఒక్కదాన్నే పాడాను. రెండో చరణం పైకి వెళ్లినప్పుడు ఆడవాళ్లు కూర్చున్న వరసలన్నీ పాడాయి.