గంధరాజానికి ఎర్రదారం

ఈ ఏడు గంధరాజం పూయకపోవడానికి కారణం కోడలే. అందులో రెండో మాట లేదు. ముసలి వడ్రంగి ఆ సంగతి ఇంట్లో చెప్పాడు, వీధిలో చెప్పాడు, పాలవాడికైతే రోజూ చెప్పాడు.

కోడలు దర్జీ. ముందుగదిలో మిషను పెట్టుకుని కుడుతుంది. చలి చివర్లో ఆయన కంటి ఆపరేషన్ కట్టుతో మంచం మీదున్నప్పుడు, "గులాబీలు కొయ్యాల్సిన రోజులొచ్చాయమ్మాయ్. ఎండు కొమ్మలు తీసెయ్. బయటివైపు తిరిగిన కణుపుకి కాస్త పైన, ఏటవాలుగా కొయ్యి" అని ఆయనే పురమాయించాడు. ఆ పిల్ల బుద్ధిగా కోసింది. అంతటితో ఊరుకుందా? చేతిలో కత్తెర ఉంటే దర్జీ చెయ్యి ఆగదు కదా! పక్కనున్న గంధరాజాన్ని కూడా కాలరు తీర్చినట్టు గుండ్రంగా తీర్చేసింది.

గులాబీ కొత్త చిగురుకు పూస్తుంది, చలి చివర కోస్తే దానికి మేలే. గంధరాజం తీరు వేరు. కిందటేడు పెరిగిన కొమ్మల కొసల్లోనే అది మొగ్గ దాచుకుంటుంది. దాన్ని పూలు రాలాకే ముట్టుకోవాలి. ముందే కోస్తే ఆ ఏటి పూత కత్తెర పాలు.

ఆ చెట్టు ఆయన భార్య నాటింది. మొదటి పువ్వును గాజుగ్లాసులో వేసి కిటికీలో పెట్టేది. ఆకులు రాలే రోజుల్లో ఆవిడ పోయింది. ఆవిడ లేని మొదటి వేసవికి ఆ గ్లాసులో తానే పువ్వు పెట్టాలనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. గ్లాసు మాత్రం నెల ముందే తోమి బోర్లించుకున్నాడు. అది బోర్లించినట్టే ఉంది.

"అన్నానికి రండి మామయ్యా."

"చెట్టు పూశాక తింటాను."

"అయితే వచ్చే ఏడు దాకా పస్తే. బియ్యం సగమే తెమ్మని మీ అబ్బాయితో చెప్తా."

ఆయనకు నవ్వొచ్చింది. దాన్ని మింగి, ముఖం గంటు పెట్టుకునే పీట మీద కూర్చున్నాడు.

"నాకెలా తెలుస్తుంది మామయ్యా?" కోడలు వడ్డిస్తూ అంది. "ముట్టుకోకూడని చెట్లకి అత్తయ్య ఎర్రదారం కట్టేది. అది చూసే ఇన్నాళ్లూ వాటి జోలికి పోలేదు. ఈసారి ఒక్క దారమూ లేదు. గాలికి ఊడిపోయాయేమో."

ఆయన చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు. నీళ్లు తాగాడు.

మధ్యాహ్నం మిషను బల్ల కాలు ఊగుతోందని కోడలు ఆయన మేకుల డబ్బా మూత తీసింది. మేకుల మీద ఎర్రదారాలు చుట్టలుగా పడి ఉన్నాయి. అత్తగారు తన దగ్గరే అడిగి తీసుకున్న కాజాల దారం. ముడులు విప్పలేదు, తెంపేశారు. భార్య పోయిన వారానికి ఆ ముడులు కంట పడుతుంటే తట్టుకోలేక ఆయనే ఒక్కొక్కటీ తెంపాడు. పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

కోడలు తలెత్తేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు. ఊరంతా చాటింపు వేసిన మనిషి ఇప్పుడు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. కోడలు ఒక్క మాట అంటే చాలు, తల ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలీదు.

కోడలు ఒక మేకు ఏరుకుని మూత పెట్టేసింది.

"దొరికింది మామయ్యా" అని బల్ల కిందికి వంగింది.

మర్నాడు పొద్దున్నే ఆయన డబ్బా పట్టుకుని పెరట్లోంచి కేకేశాడు.

"అమ్మాయ్! ముడి వేద్దువుగాని రా. నాకింకా చూపు ఆనడం లేదు."

ఆమె గంధరాజం కొమ్మకు దారం చుట్టింది.

"పూలు రాలిన వారం లోపే దీనికి కత్తెర. ఆ తర్వాత ముట్టుకున్నావో..."

"మీరు పస్తుంటారు. తెలుసు."

"దారాలు నేనే తెంపాను."

"ఈసారి రెండు ముడులు వేశా మామయ్యా. తెగవు."

ఆమె కోసిన గులాబీలు ఆ ఏడు గంపెడు పూశాయి. ఆయన వాటిలో పెద్దది ఏరి గ్లాసులో వేసి, కిటికీలో పెట్టాడు.

పాలవాడు తొంగిచూశాడు. "ఏం పెద్దాయనా, గంధరాజం సంగతి ఏమయింది? మీ కోడలేమంటోంది?"

"పాలు పొయ్యి. ఆ మాట నువ్వెత్తకు. నేను చచ్చినా ఎత్తను."