రెండు రింగులు, ఒక రంగు

పోలీసు యాక్షన్ ఐదు రోజుల్లో ముగిసింది. సికింద్రాబాద్‌లో కంకర సైజు తేల్చడానికి మాత్రం ఏడాది పట్టింది.

యాప్రాల్ రోడ్డు సగం కంటోన్మెంటు దండు ఆఫీసుది, సగం నిజాం నాటి సర్కారు ఆఫీసుది. రాళ్లు కొట్టే దేవమ్మకు రెండు ఆఫీసులూ చెరొక ఇనుప రింగు ఇచ్చాయి. ఒకటి రెండంగుళాలు, ఇంకొకటి రెండున్నర. రింగులో దూరిన కంకరే పాసు. రాజ్యం ఒకటయ్యాక కొలతలు రెండేమిటని ఇంజనీర్లు కమిటీ వేసుకుని, పన్నెండుసార్లు కూర్చుని, పన్నెండుసార్లు సమోసాలు తిన్నారు.

చివరికి గుమాస్తా ప్రభుదాస్ తీర్మానం పట్టుకొచ్చాడు.

"దేవమ్మా, ఇగ నీకు పరేషాన్ లేదు. రెండు ఆఫీసులు ఒక్క మాట మీదికొచ్చినయ్."

"ఏ రింగు ఉంచుకోవాలె సారూ?"

"రెండూ ఉంచుకో. రెండిటికీ ఒక్కటే రంగు ఎయ్యాలె, గంతే."

"గిందుకు ఏడాది వట్టిందా!"

దేవమ్మ రెండిటికీ ఎర్ర రంగు పూసింది. చిన్న రింగును ఇంట్లో ముంత కింద కుదురుగా పెట్టుకుని, కొట్టే పని తగ్గేలా రోడ్డంతటికీ పెద్దదానితోనే కానిచ్చింది. తనిఖీకొచ్చినవాళ్లు రంగు చూసి సంతకాలు పెట్టారు.

ఐకమత్యానికి గుర్తుగా రోడ్డు మొదట్లో కమిటీవాళ్ల పేర్లు చెక్కిన రాయి నిలబెట్టారు. ఆ రోడ్డు మీద ఏ రింగులోనూ దూరని రాయి అదొక్కటే.