తీపి మచ్చ

తెల్లారగానే జ్ఞానమ్మ చేసే మొదటి పని మంచం కోళ్ల కింది గిన్నెల్లో నీళ్లు మార్చడం. పాత నీళ్ల మీద చచ్చిన చీమలు నల్లగా తేలుతుండేవి. వాటిని పారబోసి, కుడిచేయి కడుక్కుని, మందు రాసుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేది.

ఆ చేయి కాలి నాలుగేళ్లయింది. చందూరు దగ్గర ఒక చెరుకుతోటలో కూలికి పోయినప్పుడు బెల్లం పెనం ఒరిగి, మరిగే పాకం మెడ మీది నుంచి మోచేతి దాకా పడింది. మానిన చోట ఎర్రటి దళసరి మచ్చ మిగిలింది. ఆ మచ్చ తియ్యగా ఉండేది. ఎండెక్కితే తేనెరంగులో చెమర్చేది. చెరుకు నరికే నెలల్లో మరీ ఎక్కువ. బోధన్‌లో వాళ్ల వాడవాళ్లు దాన్ని వింతగా ఏమీ చూడలేదు.

"జ్ఞానమ్మా, సీమలు గోడెక్కినయి. నీ దిక్కే వస్తున్నయి" అని పక్కింటి వెంకటవ్వ చెప్పి తన పనిలో పడిపోయేది.

వింతగా చూడకపోయినా తిండికి ఇబ్బంది వచ్చింది. భర్త సత్యానందానికి చెరుకు ఆడే నెలల్లోనే పని. మిగతా కాలమంతా ఆమె బీడీల మీదే ఇల్లు నడవాలి. "కట్టలల్ల సీమలు వస్తున్నయమ్మా. సేటు సూస్తే నీకు ఆకు ఇయ్యడు" అని బీడీ కార్ఖానా మున్షీ రెండుసార్లు చెప్పాడు.

అందుకే ఆమె బస్టాండు దగ్గర సిద్దిరాములు మందుల దుకాణానికి పోయేది. డాక్టరు చిట్టీ లేకుండా దొరికే మచ్చల మందులన్నీ వాడింది. గులాబీ వాసన డబ్బా అయిపోయాక తెల్లటి ట్యూబు, అది పనిచేయకపోతే ముక్కుపుటాలదిరే పచ్చని లేపనం. సిద్దిరాములు అబద్ధమాడే మనిషి కాదు.

"మచ్చ పోతదని నేను చెప్ప, చెల్లె. జర మెత్తవడ్తది, రంగు తగ్గుతది. పొద్దుగాల, మాపటికి రుద్దు."

"సీమలు తగ్గితే సాలన్న."

రెండో ఏడు ఎరుపు కాస్త తగ్గింది. ఆ వానాకాలమే మోచేతి కింద, కాలిన మేర దాటినచోట, రూపాయి బిళ్లంత చర్మం తెల్లబడింది. మందు పట్టిందని ఆమె సంబరపడింది. అక్కడ ఇంకా ఎక్కువ రుద్దింది. ఏడాదిలో అది తమలపాకంత అయింది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు కొంగుతో చేయి కప్పుకోవడం మానేసింది.

పంతొమ్మిది వందల అరవై ఆరు వేసవిలో మూడేళ్ల కూతురు ఎస్తేరును చంకనేసుకుని మరో ట్యూబు కోసం పోయింది. సిద్దిరాములు ట్యూబు తీసి ఇవ్వబోయి ఆగిపోయాడు. మచ్చ మీది ఎర్రచీమలు ఐదారు కిందికి దిగి ఆ తెల్లటి చోట పళ్లు దించి ఉన్నాయి. రక్తం చుక్కలుగా లేచింది. ఆమె మాత్రం ఎండల గురించి మాట్లాడుతూనే ఉంది.

"చెల్లె, నొస్తలేదా?"

"ఏంది?"

"చెయ్యి."

జ్ఞానమ్మ చూసుకుంది. మచ్చ మీద కుడితే సుర్రుమనే చీమ, ఇక్కడ కుట్టినట్టే తెలియలేదు.

సిద్దిరాములు ట్యూబు తిరిగి అరలో పెట్టేశాడు. గొంతు తగ్గించి, "ఈ తెలుపు మందుతోని వచ్చింది కాదమ్మా. డిచ్‌పల్లి పో. ఆలస్యం చేయకు" అన్నాడు.

డిచ్‌పల్లిలో ఉన్నది కుష్ఠు దవాఖాన అని ఆ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంటికి వచ్చి చెప్పింది. సత్యానందం ముందు బిడ్డ చేతులూ కాళ్లూ తిప్పి తిప్పి చూశాడు.

"పిల్లను ఎత్తుకున్నవా?"

"రోజూ ఎత్తుకుంట గదా."

అతను ఎస్తేరును తీసుకుని కందకుర్తిలో తన తల్లి దగ్గర దించి వచ్చాడు. మర్నాడు జ్ఞానమ్మను డిచ్‌పల్లి తీసుకుపోయాడు. బస్సులో ఆమెను ముందు కూర్చోబెట్టి తను వెనక సీట్లో కూర్చున్నాడు.

ఇంకా కొన్నేళ్లు పూతమందుతో గడిపితే వేళ్లు పోయేవని డాక్టరమ్మ చెప్పి, అక్కడే వార్డులో ఉంచుకుని గోలీలు మొదలుపెట్టింది. పక్కమంచంలో లక్ష్మవ్వ అనే ముసలామె ఉండేది. వేళ్లు లేని రెండు అరచేతుల మధ్య గ్లాసు పట్టుకుని తాగేది.

"నీకు సీమలన్న చెప్పినయి బిడ్డా. నాకు చెప్పెటోళ్లే లేకపాయె" అంది ఒకరోజు.

ఏడాది తర్వాత సత్యానందం ఎస్తేరును తీసుకొచ్చాడు. పిల్ల చెంప మీద చిన్న తెల్లమచ్చ.

"సిద్దిరాములును మందు అడిగిన. ఇయ్యలే. ముందుగాల ఈడికే తీస్కపొమ్మన్నడు" అన్నాడు.

డాక్టరమ్మ వచ్చేదాకా ఇద్దరూ ఆగలేకపోయారు. జ్ఞానమ్మ పిల్లకు తగలకుండా చేయి దగ్గరగా పెట్టింది. సత్యానందం ఒక పుల్లతో ఆమె మచ్చ మీది చీమను ఎక్కించుకుని బిడ్డ చెంప మీద దించాడు. చీమ తెల్లమచ్చ మధ్యకు నడిచి తల వంచింది. ఎస్తేరు మూతి వంకర పోయింది. మరుక్షణం వార్డంతా వినబడేలా ఏడ్చింది. సత్యానందం పుల్ల పారేసి బిడ్డను ఎత్తుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి సూదితో, దూదితో పరీక్ష చేసి, అది పిల్లలకు వచ్చే మామూలు మచ్చేనంది. జ్ఞానమ్మతో, "గోలీలు పనిచేసినయి. ఇక నువ్వు బిడ్డను ఎత్తుకోవచ్చు" అంది.

జ్ఞానమ్మ చేతులు చాచింది. ఎస్తేరు ఆమెను ఎరగనట్టు చూసి తండ్రి మెడను ఇంకా గట్టిగా పట్టుకుంది. జ్ఞానమ్మ బలవంతపెట్టలేదు. చేతులు దించి, కాస్త దూరంగా నేల మీద కూర్చుంది.

"నొస్తున్నదా బిడ్డా?" అని అడిగింది.

పిల్ల తండ్రి భుజం మీది నుంచి కళ్లు మాత్రం చూపించి, వెక్కుతూ, "నొస్తున్నది" అంది.

"ఏడ?"

"ఈడ."

"బాగ నొస్తున్నదా?"

"బాగ నొస్తున్నది."

బస్సు వేళ అయ్యేదాకా జ్ఞానమ్మ అదే అడుగుతూ కూర్చుంది.