సాన్సూసీ చేను

మా నాన్న ఒనెజీమ్ తెత్రోకి ఎనభై ఆరేళ్ళు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోపు ఆయనకు ఒక్క కోరిక తీరాలి. ఫ్రాన్సు రాజు సైన్యంలో సముద్రం దాటి వచ్చి, ఇక్కడ అడవి కొట్టి మొదటి చేను చేసిన మా మూలపురుషుడి సమాధి ముందు టోపీ తీసి నిలబడాలి.

"ఇన్ని తరాలుగా ఆయన నేల తింటున్నాం. ఓ దండమైనా పెట్టకుండా పోతానా, రోజానా?" అనేవాడు.

నది పొడుగునా ఉన్న శ్మశానాలన్నీ గాలించాను. తెత్రో ఇంటిపేరుతో దొరికిన సమాధులన్నీ నిన్నమొన్నటి తాతలవే. చర్చిలో చావుపుట్టుకలు రాసే పుస్తకాలు పాత గుడితోపాటే కాలిపోయాయి. నాన్న పైకి ఏమీ అనలేదు కానీ, తిండి మాత్రం తగ్గించాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక పక్క పొలం జెలియా గ్రాన్‌బ్వా సంగతి. ఆమెకూ నాన్నకూ క్షణం పడదు. వాగు అవతల ఉన్న మా చేనును వాళ్ళింట్లో అందరూ 'సాన్సూసీ చేను' అంటారు. సాన్సూసీ అంటే చీకూ చింతా లేనివాడు. నాన్నకేమో అది సోమరిపోతన్నట్టు వినిపిస్తుంది. ఆమె "మీ సాన్సూసీ చేలో మా ఆవు పడింది" అంటే చాలు, ఈయన ఇంతెత్తున లేచేవాడు.

మే నెలలో అమ్మ సమాధి దగ్గర పూలమొక్కలు నాటడానికి వెళ్ళాం. గోడవారన జెలియా మోకాళ్ళ మీద కూర్చుని పాత కర్ర సిలువకు తెల్లరంగు వేస్తోంది. ఏటా వేస్తుంది. అది వాళ్ళ తాతలెవరిదో అనుకునేవాళ్ళం.

నాన్న ఊరుకుంటాడా? "ఏమ్మా, మీవాడికి పెళ్ళి చేస్తున్నావా, ఇంత సోకు చేస్తున్నావ్?"

"మావాడెక్కడయ్యా? మీ చేను పేరు ఈయనదేగా. కళ్ళు పోయాయా, చదువు."

నేను వంగి చూశాను. సిలువ మీద లోతుగా చెక్కిన ఒకే ఒక్క మాట. సాన్సూసీ.

"ఎవరత్తా ఈయన?" అన్నాను.

"ఆ చేను చేసినాయన. ఒక ఏడు మంచుకి గోధుమంతా పోయిందంట. మా ఇంట్లో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద బఠాణీల బస్తా ఈడ్చుకుంటూ వచ్చాడంట. అందుకే ఆయన పోయినప్పట్నుంచీ ఈ సిలువ బాధ్యత మాది. కర్ర పుచ్చినప్పుడల్లా కొత్తది పాతుతాం, పేరు మళ్ళీ చెక్కుతాం. మా అత్త నాకప్పగించిన పని ఇది."

ఆ చేను ఏనాడూ చేతులు మారలేదని ఊరంతా చెప్పుకుని మురిసేది నాన్నే. అప్పట్లో సైనికులకు దండులో ఇంకో పేరు పెట్టేవారని చిన్నప్పుడు విన్నదీ ఆయనే. మా ఊళ్ళో సగం కుటుంబాలకు ఇప్పటికీ రెండేసి ఇంటిపేర్లు. మాకూ సాన్సూసీ అని ఒకటి ఉండేదన్న సంగతి మేమే మరిచాం.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు నన్ను తిట్టలేదా?" అన్నాడు చివరికి.

"నిన్ను తిట్టడానికి ఇంకో పేరెందుకయ్యా? ఒనెజీమ్ చాలదూ!"

నాన్న టోపీ తీశాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "మావాణ్ణి మేం పోగొట్టుకున్నాం. మీరు కాపాడారు. ఈ రుణం ఎలా తీర్చను, జెలియా?" అన్నాడు. నేను జెలియా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. మా కుటుంబం మీద ఇంత ప్రేమ పక్క పొలంలోనే ఉందని తెలియక ఎక్కడెక్కడో తిరిగాను.

"ఆ కుంచె ఇలా ఇవ్వు, నేనేస్తా" అన్నాడు నాన్న.

"ఇవ్వను. బఠాణీలు తిన్నది మేము." ఆమె సిలువ వైపు తిరిగి మళ్ళీ పని మొదలుపెట్టింది. కాసేపటికి, తల ఎత్తకుండానే కేకేసింది. "ఓయ్ సాన్సూసీ! ఊరికే నిలబడే బదులు ఆ రంగు డబ్బా పట్టుకోవచ్చుగా?"

"ఆఁ, వస్తున్నా" అన్నాడు నాన్న.